ట్యూబ్‌లైట్ వాళ్లు కనిపెట్టలేదు.. కానీ మన అన్నం కథలో వాళ్లున్నారు: ఫిలిప్పీన్స్ సైన్స్ చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ట్యూబ్‌లైట్ ఎవరు కనిపెట్టారు?

ఇదే ప్రశ్న ఫిలిప్పీన్స్‌లో అడిగితే చాలామంది టక్కున ఒక పేరు చెప్తారు. అగాపితో ఫ్లోరెస్. ఆయన అక్కడి ఎలక్ట్రీషియన్. ఆయన పేరులోని ఫ్లోరెస్ నుంచే "ఫ్లోరోసెంట్" అనే మాట వచ్చిందని అక్కడ తరాలుగా చెప్పుకుంటున్నారు.

వినడానికి భలే ఉంది కదా. కానీ నిజం కాదు. ఫ్లోరోసెన్స్ అనే మాటని జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1852లోనే వాడారు, ఒక ఖనిజం పేరు మీద. అప్పటికి ఫ్లోరెస్ పుట్టనే లేదు. ట్యూబ్‌లైట్‌ని 1938లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చింది. దాని వెనక చాలా దేశాలవాళ్ల ఏళ్ల తరబడి పని ఉంది. ఫ్లోరెస్ కథ తప్పని ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలే చెప్పారు. అయినా కథ ఆగలేదు.

మనకి ఇది కొత్తేం కాదు. "ఇది మనవాళ్లే కనిపెట్టారు, షేర్ చేయండి" అనే మెసేజ్‌లు మన ఫ్యామిలీ గ్రూపుల్లోనూ తిరుగుతూనే ఉంటాయి. పోనీలే, గర్వపడనివ్వండి, పోయేదేముంది అనొచ్చు. పోయేది ఉంది. లేని హీరోకి దండ వేస్తే, నిజంగా పని చేసినవాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు.

మరి ఫిలిప్పీన్స్‌లో అసలు సైన్స్ ఎక్కడుంది? నన్నడిగితే బియ్యం గింజలో ఉంది అంటాను. ఆ గింజ వెనకాలే వెళ్తే మనీలాలో మొదలై నెల్లూరు, ఆచంట, మార్టేరు దాకా వస్తాం. పదండి.

ముందు ఒక జబ్బు గురించి చెప్పాలి. దాని పేరు బెరిబెరి. కాళ్లలో సత్తువ పోతుంది, ఒళ్లు వాస్తుంది, ముదిరితే గుండె ఆగిపోతుంది. తల్లి ఒంట్లో లోటు ఉంటే ఆమె పాలలోనూ లోటే కాబట్టి, పాలు తాగే పసిపిల్లలకి కూడా వచ్చేది. పిల్లలకి వస్తే ఇంక టైమ్ ఉండేది కాదు. 1900 తర్వాత మనీలాలో పసిపిల్లలు ఇలా చనిపోతూనే ఉన్నారు. ఫిలిప్పీన్స్ అప్పుడే స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి వెళ్లింది.

దీనికి కారణం తెల్ల బియ్యం. అవును, మనం రోజూ తినేదే. ఒడ్లు ఇంట్లో రోకలితో దంచుకున్నన్నాళ్లూ గింజ మీద తవుడు కొంత మిగిలేది. మిషన్ మిల్లులొచ్చాక గింజ మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది, తవుడు మొత్తం పోయింది. మనం గేదెలకి కుడితిలో వేసే తవుడే. మనిషికి కావాల్సినదేదో అందులోనే ఉంది. అదేంటో ఎవరికీ తెలీదు. విటమిన్ అనే మాటే అప్పటికి లేదు. జావాలో ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ 1890లలో కోళ్ల మీద ప్రయోగాలు చేసి, పాలిష్ బియ్యం తిన్న కోళ్లకి ఇలాంటి జబ్బే వస్తోందని, తవుడు తియ్యని బియ్యం పెడితే తగ్గుతోందని చూశారు.

మనీలాలో దాన్ని మనుషుల్లో చూశారు. అమెరికా సైన్యంలో పనిచేసే ఫిలిప్పీనో సైనికుల్లో ఏటా వందల బెరిబెరి కేసులు వచ్చేవి. 1910 ప్రాంతంలో వాళ్ల రేషన్ మార్చారు. తెల్ల బియ్యం తగ్గించి, పాలిష్ పట్టని బియ్యం, పప్పుగింజలు ఇచ్చారు. జబ్బు దాదాపు మాయమైంది. మందు లేదు, సూది లేదు, ప్లేట్‌లో బియ్యం మార్చారు అంతే. అదే ఏడాది మనీలాలో జరిగిన వైద్యుల సమావేశం బెరిబెరికీ పాలిష్ బియ్యానికీ సంబంధం ఉందని తీర్మానం చేసింది.

మరి పసిపిల్లల సంగతి? వాళ్లు అన్నం తినరు కదా. ఇక్కడ మాన్యువల్ గెరెరో, హోసే ఆల్బర్ట్ లాంటి ఫిలిప్పీనో డాక్టర్ల పేర్లు గుర్తు పెట్టుకోవాలి. పసిపిల్లల్లో వచ్చే ఈ జబ్బు మీద పని చేసింది వాళ్లు. తవుడు నుంచి తీసిన సారాన్ని చుక్కలుగా పిల్లల నోట్లో వేశారు. తవుడుని అక్కడ టికి-టికి అంటారు, మందుకి కూడా అదే పేరు. ప్రాణం మీదకొచ్చిన పిల్లలు ఆ చుక్కలతో చూస్తుండగానే తేరుకునేవాళ్లు.

1910లోనే ఎడ్వర్డ్ వెడర్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టర్ ఈ తవుడు సారాన్ని తీసుకెళ్లి, మనీలాలోని బ్యూరో ఆఫ్ సైన్స్‌లో పనిచేసే ఒక కుర్ర కెమిస్ట్ చేతిలో పెట్టారు. ఇందులో పని చేస్తున్న పదార్థం ఏంటో తేల్చమన్నారు. ఆ కెమిస్ట్ వయసు 24. పేరు రాబర్ట్ విలియమ్స్. ఆయన ఎక్కడ పుట్టారో గెస్ చేయండి.

నెల్లూరులో. 1886లో, మన నెల్లూరులో పుట్టారు. వాళ్ల నాన్న అక్కడ బాప్టిస్ట్ మిషనరీ.

ఆ ప్రశ్నకి జవాబు రావడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? 26 ఏళ్లు. విలియమ్స్ తర్వాత అమెరికా వెళ్లి బెల్ టెలిఫోన్ ల్యాబ్స్‌లో ఉద్యోగం చేశారు. టెలిఫోన్ కంపెనీకి తవుడుతో ఏం పని? ఏమీ లేదు. ఉద్యోగం ఉద్యోగమే, ఖాళీ టైమ్‌లో తవుడు. మన ఐటీ భాషలో చెప్పాలంటే సైడ్ ప్రాజెక్ట్. 1926లో జావాలో ఇద్దరు డచ్ కెమిస్టులు ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశారు. 1936లో విలియమ్స్ బృందం దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారు చేసి చూపించింది. అదే థయామిన్, మనం విటమిన్ బి1 అంటాం. చూశారుగా, ఇందులో "ఒక్కడే కనిపెట్టాడు" అనడానికి అస్సలు ఛాన్స్ లేదు. జావా కోళ్లు, మనీలా డాక్టర్లు, నెల్లూరులో పుట్టిన అమెరికన్, అందరూ ఉన్నారు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు అందరికన్నా నచ్చిన మనిషి దగ్గరికొద్దాం. మరియా ఒరోసా. 1916లో చదువు కోసం అమెరికా వెళ్లింది. సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఫార్మసీ, ఫుడ్ కెమిస్ట్రీ చదివింది. సెలవుల్లో అలాస్కా వెళ్లి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేసి ఖర్చులకి సంపాదించుకుంది. మనవాళ్లు అక్కడ పార్ట్ టైమ్ చేస్తారు చూడండి, వందేళ్ల క్రితం అదే సీన్. చదువయ్యాక అక్కడే ఉండిపోవచ్చు. 1922లో మనీలాకి తిరిగొచ్చేసింది.

వచ్చి ఏం చేసింది? పల్లెల్లో కరెంట్ లేదు. దాంతో మట్టికుండతో ఓవెన్ తయారు చేసింది. దాని పేరు పలయోక్ ఓవెన్. దేశంలో టమాటాలు తక్కువ, అరటిపళ్లు బోలెడు. అరటిపళ్లతో కెచప్ చేసింది. ఇప్పటికీ ఫిలిప్పీన్స్‌లో ప్రతి ఇంట్లో ఉండే సీసా అది. సోయాతో సోయలాక్ అనే పొడి చేసింది. తవుడుతో బిస్కెట్లు చేసింది, బెరిబెరి రాకుండా. అంటే మిల్లులో పోయిన తవుడుని మళ్లీ తినే రూపంలోకి తెచ్చి మనిషి నోటికి అందించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం మనీలాని ఆక్రమించింది. ఒరోసా గెరిల్లా దళంలో చేరింది, కెప్టెన్ హోదాలో. శాంటో తోమాస్ యూనివర్సిటీని జపాన్ వాళ్లు ఖైదీల క్యాంపుగా మార్చితే, బోలు వెదురు బొంగుల్లో సోయలాక్ పొడి, తవుడు బిస్కెట్లు దాచి, లోపలికెళ్లే పనివాళ్ల ద్వారా పంపించింది. లోపల ఆకలితో ఉన్నవాళ్లు ఎంతోమంది ఆ తిండితో బతికారు. ఊరు వదిలి వెళ్లిపొమ్మని ఇంట్లోవాళ్లు బతిమాలినా వెళ్లలేదు. 1945 ఫిబ్రవరి 13న, మనీలా యుద్ధంలో, ఫిరంగి గుండ్ల ముక్కలు తగిలి చనిపోయింది.

ఆ ఒక్క నెల యుద్ధంలో మనీలాలో సుమారు లక్ష మంది మామూలు జనం చనిపోయారని అంచనా. 1901లో మొదలైన బ్యూరో ఆఫ్ సైన్స్ కూడా తగలబడిపోయింది. లైబ్రరీ పోయింది, దశాబ్దాలుగా సేకరించిన మొక్కల నమూనాలు పోయాయి. బ్యాకప్ లేని సర్వర్ కాలిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎదువార్దో కిసుంబింగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ నమూనాల సేకరణని మళ్లీ మొదట్నుంచి కట్టుకొచ్చారు. ఆయన పేరు మీద ఫార్వర్డ్ మాత్రం ఎప్పుడూ రాదు.

యుద్ధం అయింది, బెరిబెరి మాత్రం పోలేదు. జనానికి తెల్ల బియ్యమే ఇష్టం. తవుడున్న బియ్యం తినండి అంటే వినరు. సరే, తెల్ల బియ్యంలోకే విటమిన్ పంపిద్దాం అనుకున్నారు. 1948లో బతాన్ అనే ప్రాంతంలో హువాన్ సల్సెదో అనే ఫిలిప్పీనో డాక్టర్ ఆధ్వర్యంలో ప్రయోగం మొదలైంది. బి1, నియాసిన్, ఐరన్ పట్టించిన గింజలు తయారు చేసి, 200 మామూలు గింజలకి ఒకటి చొప్పున కలిపారు. బతాన్‌లో ఒక భాగానికి ఈ బియ్యం, ఇంకో భాగానికి మామూలు బియ్యం. విటమిన్ బియ్యం తిన్న వైపు బెరిబెరి చావులు బాగా పడిపోయాయి. దీనికి సాయం చేసింది ఎవరో తెలుసా? బి1 పేటెంట్ల డబ్బుతో విలియమ్స్ వాళ్లు పెట్టిన నిధి.

ఇంత క్లియర్‌గా రిజల్ట్ వచ్చింది కదా, దేశమంతా అమలై ఉంటుంది అనుకుంటాం. 1952లో చట్టం కూడా చేశారు. కానీ మిల్లర్లు సహకరించలేదు. ఎందుకంటే, ఎంత విటమిన్ గింజ కొన్నారో లెక్క ఉంటే, ఎంత బియ్యం ఆడించారో గవర్నమెంట్‌కి తెలిసిపోతుంది. అంటే ఎంత ట్యాక్స్ ఎగ్గొట్టారో కూడా. ల్యాబ్‌లో గెలిచిన సైన్స్ మిల్లు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఈ గింజల కథ మనకీ తెలుసు. ఈమధ్య ఏళ్లలో మన రేషన్ బియ్యంలో కలిపిన ఫోర్టిఫైడ్ గింజలు గుర్తున్నాయా? బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో చేసి, వందకి ఒకటి కలుపుతారు. అవి నీళ్లలో తేలితే "ప్లాస్టిక్ బియ్యం" అని ఎన్ని వీడియోలు వచ్చాయో మీరూ చూసే ఉంటారు. తయారీ వేరైనా ఐడియా మాత్రం బతాన్‌దే. అక్కడ మిల్లర్లు ఆపారు, ఇక్కడ పుకారు ఆపబోయింది.

సరే, విటమిన్ సంగతి అయింది. ఆకలి సంగతేంటి? 1960లో మనీలాకి దగ్గర్లో లాస్ బాన్యోస్ అనే ఊళ్లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పెట్టారు. అదే ఇర్రి. డబ్బు అమెరికాలోని ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లది. చోటు ఫిలిప్పీన్స్‌ది. పక్కనే 1909 నుంచి ఉన్న వాళ్ల వ్యవసాయ కాలేజీ.

అప్పటి వరితో పెద్ద సమస్య ఏంటంటే, మొక్క పొడుగు. ఎరువు వేస్తే ఇంకా పొడుగు పెరిగి, కంకి బరువెక్కగానే చేను పడిపోయేది. ఎరువు వేసినా గింజ దక్కదు. 1962లో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త ఇండోనేషియాలో పండే పెటా అనే పొడుగు రకాన్ని, తైవాన్ నుంచి వచ్చిన ఒక పొట్టి రకంతో సంకరం చేశారు. వచ్చినవి 130 గింజలు. వాటి రెండో తరంలో సుమారు పదివేల మొక్కలు పెంచితే, నాలుగింట ఒక వంతు పొట్టివి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి వెంటనే వెలగాలి, మెండెల్ చెప్పిన మూడుకి ఒకటి! అంటే పొట్టితనం ఒక్క జీన్‌లో ఉంది. హెన్రీ బీచెల్ అందులోంచి మంచి వరసని ఎంచారు. మన దేశం నుంచి వెళ్లిన ఎస్.కె. దే దత్తా దానికి ఎరువులిచ్చి పరీక్షిస్తే హెక్టారుకి 9 టన్నులు దాటింది. అప్పట్లో ఫిలిప్పీన్స్ రైతుకి మామూలుగా వచ్చేది ఒకటి, రెండు టన్నులు.

1966 నవంబర్‌లో దానికి ఐఆర్8 అని పేరు పెట్టారు. వచ్చిన రైతుకల్లా 2 కిలోల విత్తనం ఉచితం అన్నారు. బస్సుల్లో, సైకిళ్ల మీద, నడిచి కూడా రెండు వేల మందికి పైగా వచ్చారు.

మరుసటి ఏడాదే, 1967లో, ఆ విత్తనం పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో ఉంది. అక్కడ నెక్కంటి సుబ్బారావు గారు అనే యువరైతు దాన్ని వేసి, పండించి, విత్తనంగా మిగతా రైతులకి అందేలా చేశారు. ఆయనకి "మిస్టర్ ఐఆర్8" అనే పేరే వచ్చేసింది. బిహార్‌లో కరువు, అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు తెప్పించుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు ఒక పొట్టి మొక్క ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించుకోండి.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఐఆర్8 అన్నం రుచి పెద్దగా ఉండదు, చల్లారితే గట్టిపడుతుంది. పురుగులకి, తెగుళ్లకి తేలిగ్గా లొంగింది. నీళ్లు, ఎరువు, మందులు, అన్నీ కొనాలి. కొనాలంటే అప్పు. పక్కనే ఉన్న ఫిలిప్పీన్స్ కాలేజీలో పెద్రో ఎస్కూరో అనే ఫిలిప్పీనో శాస్త్రవేత్త సి4-63 అనే రకాన్ని తెచ్చారు. అన్నం బాగుంటుందని జనం ఇష్టపడ్డారు, చుట్టుపక్కల దేశాలకీ వెళ్లింది. కానీ ప్రపంచానికి గుర్తున్నది ఐఆర్8 ఒక్కటే.

1973లో ప్రెసిడెంట్ మార్కోస్ ప్రభుత్వం మసగానా 99 అనే పథకం పెట్టింది. తాకట్టు లేకుండా రైతులకి అప్పులిచ్చి కొత్త వంగడాలు వేయించింది. 1970ల చివర్లో ఫిలిప్పీన్స్ కొంత బియ్యం ఎగుమతి కూడా చేసింది. తర్వాత అప్పులు తీరలేదు, పల్లె బ్యాంకులు దెబ్బతిన్నాయి, పథకం ఆగిపోయింది. ప్రపంచానికి పొట్టి వరిని ఇచ్చిన నేల ఇవాళ ప్రపంచంలో అత్యధికంగా బియ్యం దిగుమతి చేసుకునే దేశాల్లో ఒకటి. విత్తనం దగ్గర సైన్స్ గెలిచింది. కాలువ, గోడౌన్, అప్పు, గిట్టుబాటు ధర దగ్గర సైన్స్ ఒక్కటే సరిపోలేదు.

కానీ మన కనెక్షన్ అక్కడితో అయిపోలేదు. 1985లో లాస్ బాన్యోస్ నుంచి ఐఆర్64 వచ్చింది. రుచిలో, తెగుళ్లని తట్టుకోవడంలో ఐఆర్8 కన్నా చాలా మెరుగు. మార్టేరు పరిశోధన కేంద్రంవాళ్లు దాన్ని మన కృష్ణవేణి రకంతో కలిపి ఒక వంగడం చేశారు. అదే మన రైతులందరికీ తెలిసిన 1010, అసలు పేరు కాటన్ దొర సన్నాలు.

అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటు కూడా వెళ్లింది. మార్టేరులో పుట్టిన స్వర్ణ తెలుసు కదా. దిగుబడి బంగారం, కానీ వరదలో రోజుల తరబడి మునిగితే చచ్చిపోతుంది. ఒడిశాలో ఎఫ్‌ఆర్13ఏ అనే పాత నాటు రకం ఉంది. మునిగినా ఊపిరి బిగబట్టినట్టు ఉండి, నీళ్లు తగ్గాక మళ్లీ లేస్తుంది. ఆ గుణం ఇచ్చే సబ్1 అనే జీన్‌ని లాస్ బాన్యోస్‌లో స్వర్ణలోకి తెచ్చారు. 2009లో స్వర్ణ సబ్1 పేరుతో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది. గోదావరి జిల్లా కోడ్, ఒడిశా ప్యాచ్, ఫిలిప్పీన్స్‌లో మెర్జ్, రిలీజ్ ఇండియాలో. దీనికి ఓనర్ ఎవరు? ఒక్కరి పేరు చెప్పలేం.

చివరిగా ఇంకా తేలని విషయం. గోల్డెన్ రైస్. విటమిన్ ఏ ఇచ్చే బీటా కెరోటిన్‌ని గింజలోనే తయారయ్యేలా జన్యుమార్పిడి చేసిన బియ్యం. యూరప్‌లో మొదలైన ఈ పనికి లాస్ బాన్యోస్‌లో ఏళ్ల తరబడి ట్రయల్స్ జరిగాయి. 2013లో నిరసనకారులు ఒక ట్రయల్ పొలాన్ని పీకేశారు. 2021లో ఫిలిప్పీన్స్ సాగుకి అనుమతి ఇచ్చింది, ప్రపంచంలో మొదటి దేశంగా. 2024లో అక్కడి అప్పీల్ కోర్టు ఆ అనుమతిని ఆపేసింది. విటమిన్ ఏ లేక చూపు పోయే పిల్లల సంగతేంటని ఒక వైపు అడుగుతుంటే, మా పొలం, మా విత్తనం మీద మాకు హక్కు ఉండాలి, భద్రత తేల్చాలి అని రైతులు అడుగుతున్నారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే.

గమనించారా, 1910 నుంచి ఇప్పటిదాకా ప్రశ్న ఒకటే. గింజలో లేనిది మనిషికి ఎలా అందించాలి? ప్రతిసారీ జవాబు ల్యాబ్‌లో దొరికింది. ప్రతిసారీ కష్టం మాత్రం ల్యాబ్ బయటే వచ్చింది. మిల్లర్ ట్యాక్స్ లెక్క, రైతు అప్పు, తినేవాళ్ల నమ్మకం, కోర్టు. ఇంజినీరింగ్ చదివిన మనకి ఈ భాగం ఎవరూ నేర్పరు. కోడ్ రన్ అయితే పని అయిపోయింది అనుకుంటాం. అవతలివాళ్ల చేతికి చేరాక కదా అసలు పని మొదలయ్యేది.

అందుకే ఈసారి "ఇది మనవాళ్లే కనిపెట్టారు" అని మెసేజ్ వస్తే, నిజమా కాదా అని చూడటంతో ఆగకండి. అది ఎవరి కష్టం తీర్చింది, ఎంతమంది చేతులు పడ్డాయి, చివరికి ఎవరి ప్లేట్‌లోకి చేరింది అని కూడా అడగండి.

ఇంకో చిన్న పని. మీ ఇంట్లో వ్యవసాయం చేసిన తాతయ్య గానీ పెదనాన్న గానీ ఉంటే, ఐఆర్ ఎయిట్ వేసిన రోజులు గుర్తున్నాయా అని అడిగి చూడండి. ఎకరానికి ఎన్ని బస్తాలు వచ్చాయి, అన్నం ఎలా ఉండేది, ఎరువుకి డబ్బు ఎక్కడ తెచ్చారు, మూడూ అడగండి. వాళ్లు చెప్పింది కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. ఉంటా మరి.